తీరిక వేళ, దేహశ్రమ, ప్రాంతసంపద

తెల్లవారుజామున మన పట్టణములలో రెండు విధములైన జనులు వీధులలో కనబడుదురు. ఒక వంక, కాళ్ళకు బూట్లు తొడిగి, ఒడలు చెమర్చునంతవరకు పార్కు చుట్టును, కళాశాల మైదానము చుట్టును వడివడిగా నడచువారు. వేరొక వంక, అన్నపు క్యారియరు ఒడిలో పెట్టుకొని, ఆటోలలో క్రిక్కిరిసి కూర్చుండి, నాట్లకో, కలుపుతీతకో, కట్టడపు పనులకో పోవువారు. మొదటివారు నడచుటకై నడచుచున్నారు. రెండవవారు బ్రతుకుటకై నడుము వంచుచున్నారు. సాయంకాలము ఇల్లు చేరిన పిదప ఆ రెండవవారిని, “మీరు తీరిక వేళ ఏ వ్యాయామము చేయుదురు?” అని అడిగినచో వారేమందురు? నవ్వి ఊరకుందురు.

అయినను ఈ ప్రశ్ననే నేడు అనేక దేశముల ఆరోగ్యశాఖలు తమ ప్రజలను అడుగుచున్నవి. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఏటేట లక్షలమందిని టెలిఫోనుపై పిలిచి, గడచిన నెలలో ఉద్యోగపు పని గాక, వ్యాయామముగా నడకగాని, పరుగుగాని, తోటపనిగాని, ఆటగాని ఏదైనను చేసితిరా అని విచారింతురు. ఏదియు చేయలేదు అని చెప్పినవారిని తీరిక వేళ దేహచలనము లేనివారిగా లెక్కింతురు. ఈ లెక్కలను ప్రాంతములవారీగా పేర్చి చూచినప్పుడు, సంపన్న ప్రాంతములలో ఇట్టివారు తక్కువగాను, పేద ప్రాంతములలో ఎక్కువగాను కనబడుచున్నారు. ఇది ఏల జరుగుచున్నది? పేదవాడు సోమరియా? ధనము చేరినంతనే దేహమునకు చురుకుదనము వచ్చునా? ఈ ప్రశ్నలను నిదానముగా విచారింపవలెనని మా ఉద్దేశము.

ముందుగా లెక్కలు చూతము. 2017 మొదలు 2020 వరకు సేకరించిన వివరముల ప్రకారము అమెరికాలో వయోజనులు నూటికి 25 మంది తీరిక వేళ ఏ వ్యాయామమును చేయనివారు. కాని ఈ సగటు అన్నిచోట్ల ఒకటిగా లేదు. కొలరాడో రాష్ట్రమున వారు నూటికి 18 మందికి మించలేదు. మిసిసిపీ, ఆర్కన్సా, అలబామా, పశ్చిమ వర్జీనియా మొదలగు రాష్ట్రములలో 30 మందిని దాటిరి. ప్యూర్టోరికో ద్వీపమున సుమారు సగము మంది. ఆ దేశమున ఆదాయములు మిక్కిలి తక్కువగానున్న రాష్ట్రముల జాబితా వ్రాసినచో, అందు మిసిసిపీ, పశ్చిమ వర్జీనియా, ఆర్కన్సాల పేర్లు మొదటనే వచ్చును. కొలరాడో ఆదాయమున పై వరుసలలోని రాష్ట్రము. ప్యూర్టోరికో ఏ రాష్ట్రము కంటెను పేదది. కొలరాడోలో కొండలు, చల్లని గాలి గలవు. దక్షిణ రాష్ట్రములలో ఎండ, ఉక్క అధికము. కావున అంతయు ధనము వలననే అనరాదు. అయినను రెండు జాబితాలును ఇంతగా కలియుట కేవలము కాకతాళీయము కాదు.

ఐరోపాలోను ఇదే పోలిక. ఐరోపా సమాఖ్య 2022లో తన దేశములన్నింట జరిపిన విచారణలో, వ్యాయామముగాని ఆటగాని ఎన్నడును చేయము అన్నవారు నూటికి 45 మంది. ఫిన్లండులో నూటికి 71 మంది వారమునకు ఒక్కసారియైనను వ్యాయామము చేయుచుండగా, పోర్చుగలులో నూటికి 73 మంది ఎన్నడును చేయమనిరి. గ్రీసు, పోలండు దేశములు పోర్చుగలు వెనుకనే యున్నవి. ఒకే దేశము లోపలను ఈ భేదము కనబడును. ఇటలీలో పరిశ్రమలు, ఆదాయములు గల ఉత్తర భాగమున వ్యాయామము చేయువారు ఎక్కువ. నేపుల్సు, సిసిలీ ప్రాంతములు గల దక్షిణ భాగమున, సముద్రమును సూర్యుడును చెంతనేయున్నను, చేయనివారు ఎక్కువ.

మన దేశమునకు వత్తము. భారత వైద్యపరిశోధనా మండలి ఆధ్వర్యమున చండీగఢ్, ఝార్ఖండ్, మహారాష్ట్ర, తమిళనాడులలో 14,227 మందిని పరీక్షించి 2014లో ప్రకటించిన ఫలితములలో ఒక అంశము గమనింపదగినది. తీరిక వేళ వ్యాయామము బొత్తిగా లేనివారు ఝార్ఖండులో నూటికి 94.8 మంది, చండీగఢులో 88.4 మంది. సంపన్నమైన చండీగఢులో పరిస్థితి కొంత మెరుగే. కాని ఆ మెరుగు ఎంత స్వల్పమో చూడుడు. ఉద్యానములతో, విశాలమైన వీధులతో నిర్మించిన నగరమున సైతము పదిమందిలో తొమ్మిదిమందికి వ్యాయామమను మాటతో సంబంధము లేదు.

ఇంతవరకు చెప్పినది వినిన శ్రోత ధనము పెరిగినచో దేహశ్రమ పెరుగునని తలపవచ్చును. అట్లు తలచినచో పొరపాటు. వ్యాయామమును మాత్రమే గాక, ఉద్యోగపు పనిని, ఇంటిపనిని, రాకపోకలను అన్నిటిని కలిపి లెక్కించినప్పుడు పటము తలక్రిందులగును. ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు 2016వ సంవత్సరమునకు వేసిన అంచనాలో, చాలినంత దేహశ్రమ లేనివారు సంపన్న దేశములలో నూటికి 37 మంది కాగా, మిక్కిలి పేద దేశములలో 16 మంది మాత్రమే. అనగా పేద దేశపువాడు మొత్తముమీద ఎక్కువ కదలుచున్నాడు. కాని ఆ కదలిక పొలమున, క్వారీలో, బావికడ, తలమీది మోపు క్రింద జరుగుచున్నది. సంపన్నుడు మొత్తముమీద తక్కువ కదలుచున్నాడు. కాని ఆ కదలికలో కొంత అతడు కోరి, వేళ ఏర్పరచుకొని చేయుచున్నాడు. కావున పేదవాడు తీరిక వేళ కదలకుండుట సోమరితనము కాదు. అది విశ్రాంతి. ఎనిమిది గంటలు ఇటుకలు మోసినవానిని సాయంకాలము పరుగెత్తుమనుట, ఏకాదశినాడు ఉపవసించినవానికి మరునాడును లంఖణము పెట్టుట వంటిది.

అట్లయినచో చింత ఏమి? పనిలోని శ్రమయే చాలును గదా అని అడుగవచ్చును. దీనికి సమాధానము చెప్పుటకు ముందు ఒక పాత పరిశోధనను జ్ఞప్తికి తెచ్చుకొనవలసియున్నది.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన కొలది సంవత్సరములకు, లండనులో జెర్రీ మోరిస్ అను వైద్యుడు గుండెజబ్బులకు కారణము వెదకుచుండెను. ఆ నగరపు రెండంతస్తుల బస్సులలో ఇద్దరేసి పనివారు. డ్రైవరు దినమంతయు కూర్చుండియుండును. కండక్టరు టిక్కెట్లు కోయుచు దినమునకు 500 మొదలు 750 మెట్లు ఎక్కి దిగుచుండును. ఒకప్పుడు హైదరాబాదు, సికిందరాబాదుల నడుమ ఇట్టి బస్సులలో పయనించినవారికి ఆ ఇరుకు మెట్లు జ్ఞాపకముండును. ఒకే సంస్థ, ఒకే బస్సు, ఇంచుమించు ఒకే జీవనము. మోరిస్ సుమారు 31 వేలమంది రవాణా కార్మికుల వివరములు సేకరించి 1953లో ఫలితములను ప్రకటించెను. కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగాను, వచ్చినను ఆలస్యముగాను, తక్కువ తీవ్రతతోను వచ్చుచున్నదని తేలెను. ఆయన అంతటితో ఊరకుండలేదు. పనివారికి కుట్టించి యిచ్చిన దుస్తుల కొలతలు తెప్పించి చూచెను. డ్రైవర్ల నడుము కొలతలు కండక్టర్ల కంటె పెద్దవిగా నుండెను. కావున భేదమంతయు మెట్ల వలననే వచ్చినదనుటకు వీలులేదని తానే చూపెను. నిజమైన పరిశోధకుడు తన వాదమునకు తానే ప్రతివాది.

తరువాత ఆయన ఆఫీసులలో కూర్చుండి పనిచేయు ప్రభుత్వోద్యోగులను తీసుకొనెను. వారికి ఉద్యోగమున దేహశ్రమ లేదు. భేదమున్నచో తీరిక వేళయందే ఉండవలెను. సుమారు 17 వేలమంది ఒక సోమవారమునాడు, గడచిన శుక్ర, శనివారములలో తాము చేసిన పనులన్నియు వ్రాసియిచ్చిరి. 1973లో ప్రకటించిన ఫలితము ఏమన, తీరిక వేళ చురుకైన వ్యాయామము చేసినవారికి గుండెజబ్బు చాల తక్కువగా వచ్చెను. మోరిస్ తానును వ్యాయామమును విడువక, 99 సంవత్సరములు జీవించి 2009లో కన్నుమూసెను.

ఇక పనిలోని శ్రమ మాట. కోపెన్‌హేగన్ నగరమున లక్షమందికి పైగా ప్రజలను పరిశీలించి 2021లో ప్రకటించిన ఫలితము ఆలోచింపదగినది. తీరిక వేళ శ్రమించువారికి గుండెజబ్బును అకాలమరణమును తగ్గినవి. ఉద్యోగమున బరువుపని చేయువారికి అవి తగ్గకపోగా, కొంత పెరిగినవి. వ్యాయామము చేయువాడు అలసినప్పుడు ఆగును, దప్పిగొన్నప్పుడు నీరు త్రాగును, మరునాటికి దేహము తేరుకొనును. కూలివానికి ఆగుట తన చేతిలో లేదు. గంటల తరబడి ఒకే భంగిమయందు మోయుట, వంగుట, నిలుచుట వలన రక్తపు పోటు దినమంతయు హెచ్చుగానుండును, కీళ్ళు అరుగును. కావున చెమట అంతయు ఒకటి కాదు. కోరి కార్చిన చెమట దేహమును పెంచును. తప్పనిసరియై కార్చిన చెమట దానిని తరుగజేయవచ్చును.

ఈ విధముగా చూచినప్పుడు, తీరిక వేళ వ్యాయామమనునది సంపద పంచిపెట్టు ఫలములలో ఒకటి. సంపద దానిని ఏ త్రోవన పంచుచున్నది? మాకు తోచినంతవరకు మూడు త్రోవలు. మొదటిది వేళ. పనిగంటలు నిర్ణీతమై, వారమునకొక సెలవైనను ఖాయమైనప్పుడే తీరిక అను మాటకు అర్థము. రెండవది చోటు. నడచుటకు బాట, ఆడుటకు మైదానము, పొగ లేని గాలి, రాత్రి దీపము ఉండవలెను. మూడవది నిర్భయము. వాహనముల భయము, కుక్కల భయము, స్త్రీలకు ఆకతాయిల భయము లేకుండవలెను. ధనవంతుడు ఈ మూడింటిని తనకై కొనుక్కొనగలడు. మిగిలినవారికి ఇవి ఊరివారందరి ఉమ్మడి సొత్తుగా ఉన్నప్పుడే దొరకును.

ఫిన్లండు కథలో రహస్యము ఇదియే. అది చలిదేశము. శీతకాలమున మధ్యాహ్నము దాటగనే చీకటి పడును. బయట తిరుగుటకు అనుకూలమైన దేశమని ఎవ్వరును అనరు. కాని 1980లో అమలునకు వచ్చిన క్రీడాచట్టము ప్రజలకు వ్యాయామసౌకర్యములు కల్పించుట పురపాలక సంఘముల బాధ్యత అని నిర్ణయించెను. ఊరూర ఈతకొలనులు, మంచుపై జారుటకు అడవులగుండ దీపములు పెట్టిన బాటలు ఏర్పడినవి. ఆ బాటపై ధనికుడును జారును, దరిద్రుడును జారును. ఆ దేశపు సంపద వ్యక్తుల సంచులలోనే ఉండక, బాటగా దీపముగా మారినది.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ప్రాంతపు సగటు ఆ ప్రాంతమున ఉన్న ప్రతివాని కథయు చెప్పదు. సంపన్న నగరమున కాపలాదారుడు, పాచిపని చేయు స్త్రీ కూడ ఉందురు. నగరపు సగటు పెరిగినంత మాత్రమున వారికి వేళయు చోటును దొరకినవని అనరాదు. మరియు, సంపద వలన ఆరోగ్యము వచ్చునో, ఆరోగ్యము వలన సంపద వచ్చునో పటము చూచి చెప్పజాలము. రెండును ఒకదానినొకటి పెంచుకొనుచుండును. రంగుల పటము ప్రశ్నను అడుగును. సమాధానము ఊరిలోనికి వెళ్ళి వెదకవలెను.

ధనము చాలినంతగా లేకున్నను చోటు కల్పింపవచ్చుననుటకు దక్షిణ అమెరికాలోని బొగోటా నగరము సాక్ష్యము. కొలంబియా రాజధానియైన ఆ నగరమున 1974లో కొన్ని వీధులలో కొన్ని గంటలసేపు మోటారు వాహనములను ఆపి, సైకిళ్ళకు, పాదచారులకు విడిచిపెట్టిరి. ఆ ఆచారము క్రమముగా పెరిగి, ఆదివారములందును సెలవుదినములందును ఉదయము 7 గంటల నుండి మధ్యాహ్నము 2 గంటల వరకు, 120 కిలోమీటర్ల మేర వీధులు ప్రజల వశమగుచున్నవి. క్రొత్తగా ఒక రోడ్డును వేయలేదు. ఉన్న రోడ్డునే కొన్ని గంటలు వేరొకరికి ఇచ్చిరి, అంతే. మన హైదరాబాదులోను 2021లో టాంక్‌బండ్ మీద ఆదివారపు సాయంకాలములు వాహనములను ఆపినప్పుడు, పిల్లలతో వృద్ధులతో ఆ కట్ట ఎట్లు నిండినదో చూచినవారికి తెలియును. జనులకు కోరిక లేక కాదు, చోటు లేక నడచుట లేదు.

ఇప్పుడు మన గ్రామముల సంగతి. ఒక తరము క్రిందట తల్లులు బిందెతో నీరు మోసిరి, రోకట దంచిరి, రుబ్బురోలు త్రిప్పిరి. తండ్రులు నాగలి వెంట నడచిరి. నేడు కుళాయి వచ్చినది, మిక్సీ వచ్చినది, వరికోత యంత్రము వచ్చినది, పొలము వరకు మోటారుసైకిలు వచ్చినది. ఇవి రావలదని ఎవ్వరనగలరు? వెన్నెముకలను వంచిన ఆ చాకిరి తిరిగి రావలెనని కోరువాడు దానిని ఎన్నడును చేసియుండడు. కాని లెక్క ఒకటి తప్పుచున్నది. సంపద వచ్చునప్పుడు దేహము నుండి శ్రమను మొదట తీసివేయును. వ్యాయామమును మాత్రము చాల ఆలస్యముగా, అదియును వేళ, చోటు, నిర్భయము ఉన్నచోటనే తెచ్చి యిచ్చును. ఈ రెండింటి నడుమ ఒక ఖాళీ ఏర్పడుచున్నది. శ్రమ పోయినది, వ్యాయామము రాలేదు. మధుమేహము, రక్తపు పోటు ఆ ఖాళీలోనికి ప్రవేశించుచున్నవి.

ఈ ఖాళీ ఎంత వేగముగా పెరిగినదో ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు 2024లో ప్రకటించిన అంచనాలు తెలుపుచున్నవి. చాలినంత దేహశ్రమ లేని వయోజనులు భారతదేశమున 2000లో నూటికి 22 మంది. 2022 నాటికి 49 మంది. అదే సంవత్సరము ప్రపంచపు సగటు 31. పురుషులలో 42 మంది కాగా, స్త్రీలలో 57 మంది. స్త్రీల సంఖ్య ఏల అధికము? 2019లో మన ప్రభుత్వము జరిపిన కాలవినియోగ విచారణలో, ఇంటిపని చేయు స్త్రీలకు ఆ పనికై దినమునకు సగటున 299 నిమిషములు పట్టుచుండగా, ఇంటిపని చేయు పురుషులకు 97 నిమిషములే పట్టుచున్నవి. ఐదు గంటలు వంటయింటికి ఇచ్చిన స్త్రీకి తీరిక మిగులునది ఎంత? మిగిలినను, చీకటి పడిన పిదప ఆమె ఒంటరిగా నడువగల వీధి ఊరిలో ఎన్ని గజములు ఉన్నది?

చేయవలసిన పని కొండంత కాదు. వయోజనులు వారమునకు 150 నిమిషములైనను మధ్యరకపు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అనగా వారమున ఐదు దినములు అరగంట వడిగా నడచిన చాలును. దానికి యంత్రములు, చందాలు అక్కరలేదు. పూర్వము మన ఊళ్ళలో తాలింఖానాలు ఉండెడివి. కోడి రామమూర్తి నాయుడు వంటి మల్లుల పేరు విని, విజయనగరము చుట్టుపట్టుల పిల్లలెందరో గోదాలో దిగిరి. తాలింఖానాకు కావలసినది ఎంత? ఒక ఖాళీ స్థలము, మెత్తని మన్ను, నేర్పువాడు ఒక్కడు. చెడుగుడుకు అంతయు అక్కరలేదు, నేల మీద గీసిన గీత చాలును. కాని అవి చాలవరకు మగపిల్లల సొత్తు. నేటి ఊరికి కావలసినది స్త్రీలకును వృద్ధులకును కూడ తలుపు తెరచియుంచు చోటు.

కావున పంచాయతీ సమావేశమున, పురపాలక సంఘమున, బడి కమిటీలో కూర్చున్నవారికి మాదొక విన్నపము. బడి మైదానమునకు సాయంకాలము తాళము వేయవలదు. చెరువుగట్టుపై నాలుగు దీపములు పెట్టించుడు. ఊరికి క్రొత్తగా రోడ్డు వేయునప్పుడు, దాని ప్రక్కన నడచువానికి ఒక బారెడు విడువుడు. ప్రాంతము సంపన్నమైనదా కాదా అని తెలిసికొనుటకు బ్యాంకులలోని డబ్బును లెక్కించుట ఒక పద్ధతి. సాయంకాలము ఆరు గంటలకు ఊరి బాటపై ఏ పనియు లేక, ఏ భయమును లేక, నడుచుచున్న స్త్రీలను లెక్కించుట ఇంకొక పద్ధతి. ఈ రెండవ లెక్క పెరిగిననాడే మొదటి లెక్క సార్థకమగును.